ట్రైలర్‌లో ఒక పక్క ప్లగ్గులు, లైట్లు పోయాయి. ఎంసీబీలు (ఓవర్‌లోడైతే పడే స్విచ్చులు) మాత్రం అన్నీ పైకే ఉన్నాయి

బెజవాడ_ట్రైలర్

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించిన 16 అడుగుల ట్రైలర్ ఇది. మంచం, చిన్న వంటగట్టు, బాత్రూమ్ ఉన్నాయి. బయటి కరెంటు నీలం రంగు మూడు పిన్నుల ఇండస్ట్రియల్ ప్లగ్గు గుండా లోపలికి వస్తుంది. డీబీలో (స్విచ్చుల పెట్టెలో) 40 యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడే స్విచ్చి), 30 మిల్లీయాంపులది. దాని కింద నాలుగు సింగిల్ పోల్ ఎంసీబీలు: ఏసీకి 20, వంటగట్టు ప్లగ్గుకి 16, ఎడమ గోడ ప్లగ్గులకి 10, ఇన్వర్టర్‌కి 6. ఇన్వర్టర్ ఇళ్లలో వాడే రకమే, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ. ఆ బ్యాటరీ నుంచే 12 వోల్టుల ఫ్యూజు బాక్సు, దాని నుంచి సీలింగ్ లైట్లు ఆరు, నీళ్ల మోటారు.

ఇప్పుడు సమస్య. ఎడమ గోడకి వరసగా నాలుగు 6 యాంపుల ప్లగ్గులున్నాయి. తలుపు పక్కది పనిచేస్తోంది. తర్వాతి మూడూ, మంచం దగ్గర గోడకున్న 230 వోల్టుల బల్బూ పనిచేయడం లేదు. టెస్టర్ పెడితే ఆ మూడింటిలోనూ రెండు రంధ్రాల్లోనూ వెలుగుతోంది, ఫోను పెడితే మాత్రం ఛార్జింగ్ ఎక్కదు. ఎంసీబీ దించి ఎత్తినా అంతే. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే బాగానే పడుతోంది. ఏసీ, వంటగట్టు ప్లగ్గు శుభ్రంగా నడుస్తున్నాయి.

12 వోల్టుల వైపు కూడా మంచం పైనున్న రెండు లైట్లు వెలగడం లేదు. బాత్రూమ్ లైటు మినుకుమినుకుమంటోంది, మోటారు వేస్తే ఇంకా మసకబారుతోంది.

రెండిటికీ కారణం ఒకటేనా, వేర్వేరా? ఎడమ పక్క ప్లై ప్యానెల్ మొత్తం విప్పి వైరింగ్ మళ్లీ లాగాలంటున్నారు. అది తప్పదా? నా దగ్గర మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఉంది.

ఆటోనగర్_వైర్‌మ్యాన్

ప్యానెల్ జోలికి పోకండి. టెస్టర్ రెండు రంధ్రాల్లోనూ వెలుగుతోందన్నారు చూడండి, జవాబు అందులోనే ఉంది. ఫేజు వస్తోంది, న్యూట్రల్ తెగింది.

ఆ లైనులో ఏదో ఒకటి, ఛార్జరో గోడ బల్బో, ఆన్‌లో ఉండి ఉంటుంది. ఫేజు దాని గుండా న్యూట్రల్ తీగలోకి దిగింది. వెనక్కి పోయే దారి లేదు. అందుకని తెగిన చోటు దాకా ఆ నల్ల తీగ కూడా ఫేజులాగే నిలబడి ఉంది. ఖాయం చేసుకోవాలంటే ఆ మూడు ప్లగ్గుల్లో ఉన్నవన్నీ పీకేసి, గోడ బల్బు స్విచ్చి ఆపేసి మళ్లీ టెస్టర్ పెట్టండి. ఎర్త్ పెద్ద రంధ్రం పైకి ఉన్నప్పుడు కుడి పక్కది ఫేజు, ఎడమది న్యూట్రల్. ఎడమ రంధ్రంలో వెలుగు ఆరిపోతే ఇక అనుమానం అక్కర్లేదు. ఆరకుండా కొంచెం మిణుకుతూ ఉన్నా కంగారు పడొద్దు, పక్కనే పరిచిన ఫేజు తీగ ప్రభావానికి కూడా నియాన్ టెస్టర్ కొద్దిగా వెలుగుతుంది.

ఎంసీబీ పైకి ఎందుకుందంటే, అది ఓవర్‌లోడుకో షార్టుకో పడుతుంది. తీగ ఊడిపోతే దానికి పట్టదు. ఆర్‌సీసీబీ కూడా అంతే, పోయిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా ఉంటేనే పడుతుంది. ఇక్కడ అసలు కరెంటే పారడం లేదు కదా, తేడా ఎక్కడిది?

ఒక్క మాట. ఈ పరిస్థితిలో ఆ ప్లగ్గు "చచ్చిపోయింది" అనుకుని వేలు పెట్టడం చాలా ప్రమాదం. మామూలుగా బాగున్న ప్లగ్గులో ఒక్క రంధ్రమే కొడుతుంది, ఇందులో రెండూ కొడతాయి.

మీటరుతో చూసుకోండి. మీటరు మీద ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) 600 లేదా 750 వోల్టుల రేంజి, బయటి కరెంటు మీదే చూడాలి, ఇన్వర్టర్ మీద కాదు. పనిచేయని ప్లగ్గుల్లో ఒకదానికి చిన్న టేబుల్ ల్యాంపు తగిలించి ఆన్ చేసి, పక్క ప్లగ్గులో కొలవండి. ఫేజు నుంచి న్యూట్రల్‌కి దాదాపు సున్నా, ఫేజు నుంచి ఎర్త్‌కి 230, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి కూడా దాదాపు 230 వస్తే న్యూట్రల్ తెగినట్టే. మూడూ సున్నా వస్తే తెగింది ఫేజు. ఫేజు–న్యూట్రల్ 230 ఉండి ఫేజు–ఎర్త్ మాత్రం 60, 90, 110 అంటూ ఊగుతుంటే ఎర్త్ పోయింది, అది ఇంకో కథ. ల్యాంపు తగిలించకుండా కొలిస్తే డిజిటల్ మీటరు ఏవేవో దెయ్యం వోల్టులు చూపించి తిప్పలు పెడుతుంది.

టెస్ట్ బల్బు వాడేవాళ్లకి: ఫేజు–న్యూట్రల్ మధ్యనే పెట్టండి. ఫేజు–ఎర్త్ మధ్య పెడితే 60 వాట్ల బల్బుకి పావు యాంపు పైనే పారుతుంది, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ వెంటనే పడిపోతుంది, లేనిపోని అనుమానాలు మొదలవుతాయి.

ఇక ఎక్కడ తెగిందో. ఇలాంటి బాడీల్లో ప్లగ్గులు లూపింగ్ మీద వేస్తారు: మొదటి ప్లగ్గు నుంచి రెండోదానికి, అక్కణ్నుంచి మూడోదానికి. పనిచేస్తున్న ఆఖరి ప్లగ్గుకీ, పనిచేయని మొదటి ప్లగ్గుకీ మధ్యనే లోపం. గోడ లోపల నడుమ తీగ దానంతటదే తెగడం చాలా అరుదు. నూటికి తొంభై చోట్ల ఈ రెండు ప్లగ్గుల్లో ఏదో ఒకదాని స్క్రూ కిందే ఉంటుంది. తలుపు పక్కది పనిచేస్తోంది కదా అని దాన్ని వదిలేయకండి, నేనైతే ముందు దాన్నే విప్పుతాను. లోపలికి వచ్చే న్యూట్రల్ దానికి సరిగ్గా తగిలి ఉంటుంది, బయటికి పోయేది వదులై ఉంటుంది.

విప్పే ముందు బయటి నీలం ప్లగ్గు పీకేయండి. ఎంసీబీ దించడం చాలదు. మీవి సింగిల్ పోల్‌వి, ఫేజు ఒక్కదాన్నే తెంచుతాయి. హైవే మీద ఏ ధాబాలోనో ఫేజు, న్యూట్రల్ తారుమారు చేసిన ప్లగ్గు నుంచి కరెంటు తీసుకున్నారనుకోండి, అప్పుడు ఎంసీబీ దించితే తెగేది న్యూట్రల్, ఫేజు అలాగే ఉంటుంది. నీలం ప్లగ్గు పీకాక ఇన్వర్టర్ కూడా ఆపాలి, లేకపోతే బ్యాటరీ నుంచి తీసుకుని 230 ఇస్తూనే ఉంటుంది. ఆ తర్వాత కూడా మీటరు పెట్టి సున్నా అని చూసుకున్నాకే స్క్రూ తిప్పండి.

కృష్ణలంక_కూల్

అన్న చెప్పింది కరెక్టే. కానీ ప్రయాణం మధ్యలో ఇదంతా ఎవడు విప్పుతాడు? ఎర్త్ బాగానే ఉంది కదా, పనిచేయని ప్లగ్గులో ఎర్త్ నుంచి న్యూట్రల్‌కి చిన్న తీగ ముక్క వేసేస్తే ప్లగ్గులు లేచి కూర్చుంటాయి. ఊరికి చేరాక నింపాదిగా చేయించుకోవచ్చు. పాత ఇళ్లలో అందరూ చేసేదే.

పటమట_మెగ్గర్

దయచేసి ఎవరూ ఈ పని చేయకండి. ఇంట్లోనే తప్పు, ట్రైలర్‌లో అయితే ప్రాణాల మీదికి వస్తుంది.

మొదట జరిగేది: ఛార్జరు పెట్టిన మరుక్షణం ఆర్‌సీసీబీ పడిపోతుంది. న్యూట్రల్‌లో తిరిగి రావాల్సిన కరెంటు ఎర్త్ దారి పట్టింది కాబట్టి అది పడడమే న్యాయం. ఇక్కడితో ఆగితే మేలే. కానీ తీగ ముక్క వేసినవాడు ఇక్కడ ఆగడు, "ఆర్‌సీసీబీ పాడైంది" అని దాన్ని బైపాస్ చేస్తాడు. అప్పుడు అన్నీ వెలుగుతాయి, అందరూ సంతోషం.

అసలు ప్రమాదం అక్కణ్నుంచి. ట్రైలర్ నిలబడేది రబ్బరు టైర్ల మీద. దాని ఇనుప ఛాసిస్‌కి భూమితో ఉన్న నమ్మకమైన బంధం ఆ బయటి కేబుల్లో ఉన్న ఒక్క ఆకుపచ్చ తీగే. ఆ కేబుల్ రోజూ చుట్టేది, విప్పేది, తొక్కేది. దాంట్లో ఆ ఆకుపచ్చ తీగ తెగిన రోజున, మీ టేబుల్ ల్యాంపు గుండా వచ్చిన ఫేజు నేరుగా ఛాసిస్‌కీ, అల్యూమినియం షీటుకీ, తలుపు గొళ్లేనికీ చేరుతుంది. లోపల ఉన్నవాళ్లకి ఏమీ తెలియదు, ఎందుకంటే వాళ్ల చుట్టూ ఉన్నదంతా ఒకే వోల్టేజీలో ఉంటుంది. బయట తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు గొళ్లెం పట్టుకున్న మనిషి పోతాడు. జాకీ కాళ్లు నేలకి ఆని ఉన్నాయి కదా అంటారేమో. వాటి కింద చెక్క పెడతారు, పెట్టకపోయినా ఎండు నేలలో వాటికుండే రెసిస్టెన్సుకి ఎంసీబీ ఎన్నటికీ పడదు.

ప్రయాణం మధ్యలో ఉంటే ఆ లైను ఎంసీబీ దించేసి, వంటగట్టు ప్లగ్గు నుంచి ఎర్త్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు లాక్కోండి. దానితో పని గడిచిపోతుంది.

బెజవాడ_ట్రైలర్

ధన్యవాదాలండీ. తీగ ముక్క వేయలేదు, వేయను. ల్యాంపు పెట్టి కొలిస్తే ఫేజు–న్యూట్రల్ 3, ఫేజు–ఎర్త్ 228, న్యూట్రల్–ఎర్త్ 226. అంటే న్యూట్రలే.

వైర్‌మ్యాన్ గారు చెప్పినట్టే అన్నీ ఆపి తలుపు పక్క ప్లగ్గు విప్పాను. న్యూట్రల్ స్క్రూ కింద రెండు నల్ల తీగలు కలిపి మెలేసి ఉన్నాయి. వాటిలో ఒకటి లాగితే చేతిలోకి వచ్చేసింది. చివర రెండు సెంటీమీటర్ల మేర పోగులు నల్లబడి పెళుసుగా ఉన్నాయి, ఇన్సులేషన్ గట్టిపడి చిట్లింది. ప్లగ్గు వెనక ప్లాస్టిక్కు ఆ టెర్మినల్ చుట్టూ గోధుమ రంగుకి తిరిగింది. తీగలు 1.5 స్క్వేర్ ఎంఎం అని పైన రాసుంది.

మళ్లీ మెలేసి స్క్రూ బిగిస్తే సరిపోతుందా, లేక ఇంకేమైనా చేయాలా?

ఆటోనగర్_వైర్‌మ్యాన్

బిగిస్తే పనిచేస్తుంది. మళ్లీ ఓ నాలుగు వందల కిలోమీటర్లు గతుకుల్లో తిరిగాక మళ్లీ ఇక్కడికే వస్తారు.

ఇలా ఎందుకు అవుతుందో ముందు చూడండి. ఇంటి గోడ కదలదు, ట్రైలర్ గోడ గంటల తరబడి వణుకుతూనే ఉంటుంది. మెలేసిన మెత్తటి పోగులు స్క్రూ కింద నలిగి మెల్లగా చదునవుతాయి, బిగువు పోతుంది. వదులైన చోట వేడి పుడుతుంది, వేడికి రాగి నల్లబడుతుంది, నల్లబడ్డ రాగికి రెసిస్టెన్సు ఎక్కువ, దాంతో ఇంకా వేడి. పైగా మన ఎండల్లో మూసేసిన రేకు బాడీ లోపల ప్యానెల్ వెనక వేడి బయటికంటే ఎక్కువే ఉంటుంది. లూపింగ్‌లో మొదటి ప్లగ్గే ఎందుకు కాలుతుందంటే, దాని వెనకున్న మూడు ప్లగ్గుల కరెంటూ దాని స్క్రూ మీదుగానే పోవాలి.

నల్లబడ్డ తీగని మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించండి. ఇన్సులేషన్ గట్టిపడ్డ భాగం మొత్తం పోవాలి. గీకి వాడొద్దు. పొడవు చాలకపోతే కొత్త ముక్క కలపాలి, లాగి బిగుతుగా పెట్టొద్దు. బాక్సులో 15 సెంటీమీటర్ల మిగులు తీగ ఉండాలి.

ఇప్పుడు అసలు మార్పు. లూపింగ్ కరెంటుని ప్లగ్గు స్క్రూ మీదుగా పోనీయకండి. మూడు రంధ్రాల లివర్ కనెక్టరు (మీట మూస్తే తీగని స్ప్రింగుతో పట్టుకునే చిన్న ముక్క) తీసుకుని వచ్చే న్యూట్రల్, పోయే న్యూట్రల్, ప్లగ్గుకి పోయే చిన్న తోక తీగ, మూడూ అందులో పెట్టండి. తోక తీగ కూడా 1.5దే. ఫేజుకి అలాగే, ఎర్త్‌కి అలాగే. ప్లగ్గుకి మూడు కనెక్టర్లు చొప్పున నాలుగు ప్లగ్గులకి పన్నెండు, విడిగా రెండు మూడు ఎక్కువ తీసుకోండి. రేపు ఒక ప్లగ్గు స్క్రూ వదులైనా పోయేది ఆ ఒక్క ప్లగ్గే. ఆఖరి ప్లగ్గుకీ, గోడ బల్బుకి తీగ చీలిన చోటకీ కూడా ఇదే పద్ధతి.

స్క్రూ కిందికి పోయే తోక తీగ చివరకి పిన్ లగ్ (తీగ చివర తొడిగే లోహపు ముక్క) వేసి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి. మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కితే నొక్కినట్టే ఉంటుంది, లాగితే ఊడుతుంది. నొక్కాక ఒకసారి గట్టిగా లాగి చూడడం అలవాటు చేసుకోండి. చాలామంది పోగులకి సీసం (సోల్డరు) పెట్టి స్క్రూ కింద బిగిస్తారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ సీసం మెత్తన, ఒత్తిడికి జారుతూ జారుతూ కొన్నాళ్లకి వదులైపోతుంది. వద్దు. లివర్ కనెక్టరులోకి మాత్రం లగ్ లేకుండా ఉత్త తీగే పెట్టాలి, ఒలవాల్సిన పొడవు కనెక్టరు పక్కనే గీత వేసి ఉంటుంది.

గోధుమ రంగుకి తిరిగిన ప్లగ్గు మార్చేయండి. లోపలి ఇత్తడి పత్తీల స్ప్రింగు బిగువు వేడికి పోయి ఉంటుంది, పిన్ను పెట్టినా పట్టు ఉండదు. బాక్సులోకి తీగ వచ్చే చోట రేకు అంచు ఉంటే రబ్బరు గ్రోమెట్ (అంచుకి తీగ కోసుకోకుండా పెట్టే రింగు) తప్పనిసరి. తీగలకి సాడిల్స్ (పట్టి ఉంచే క్లిప్పులు) అడ్డంగా పోయే చోట 25 సెంటీమీటర్లకొకటి, నిలువుగా 40కొకటి ఉంటే ఊగవు. అంతా అందకపోయినా బాక్సుకి దగ్గర్లో ఒకటైనా పడాలి.

1.5 తీగకి 10 యాంపుల ఎంసీబీ సరిగ్గా ఉంది. ఎవరైనా "తరచూ పడుతోంది, 16 వేద్దాం" అంటే ఒప్పుకోకండి. ప్లగ్గులు 6 యాంపులవి.

పనిలో పనిగా ఆ ఎంసీబీలని డబుల్ పోల్‌వి చేయించండి. డీబీలో చోటు చాలకపోతే కనీసం మెయిన్ ఐసోలేటర్ (మొత్తం కరెంటు ఆపే స్విచ్చి) అయినా రెండు తీగలూ తెంచేది ఉండాలి.

గుంటూరు_పన్నెండు_వోల్టులు

230 సంగతి వైర్‌మ్యాన్ గారు తేల్చేశారు కాబట్టి నేను 12 వోల్టుల వైపు వస్తాను. మీ మొదటి ప్రశ్నకి జవాబు: రెండూ వేర్వేరు. దారులు వేరు, ఫ్యూజులు వేరు. కానీ జబ్బు ఒకటే, తిరిగి వచ్చే దారి చెడింది. ట్రైలర్లలో ఎప్పుడూ అనుమానించాల్సింది అదే.

ముందుగా జాగ్రత్త. మన దగ్గర 230లో న్యూట్రల్ నలుపు, 12లో నెగెటివ్ కూడా నలుపే. బాడీ కట్టేవాళ్లు రెండిటినీ ఒకే కేసింగ్‌లో తోసేస్తారు. నల్ల తీగ దొరికింది కదా అని 12 వోల్టుల నెగెటివ్‌కి కలిపేయకండి. నీలం ప్లగ్గు పీకి, ఇన్వర్టర్ ఆపి ఉంచినప్పుడే 12 వోల్టుల పని చేయండి. గుర్తుపట్టిన ప్రతి 12 వోల్టుల తీగకీ పసుపు టేపు చుట్టండి.

మోటారు తిరుగుతోంది కాబట్టి బ్యాటరీ, మెయిన్ ఫ్యూజు ఉన్నట్టే. అయినా బ్యాటరీ టెర్మినల్స్ మీద కొలవండి. ఛార్జింగ్ ఆపి కొన్ని గంటలు వదిలేశాక 12.6 ఉంటే నిండుగా ఉంది, 12.2 అంటే సగం, 12 కిందికి వెళ్తే ముందు ఛార్జి చేయాలి, లైట్ల సంగతి తర్వాత.

ఫ్యూజు బాక్సులో లైట్ల ఫ్యూజు పీకకుండానే చూడొచ్చు. బ్లేడు ఫ్యూజు వీపు మీద రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. మీటరు నల్ల పిన్ను బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర పిన్ను ఒక్కో చుక్క మీద పెట్టండి. రెండు చోట్లా 12 రావాలి. ఒకవైపే వస్తే ఫ్యూజు పోయింది. కంటికి బాగున్నట్టే కనిపించి లోపల సన్నగా చిట్లిన ఫ్యూజులు చాలా ఉంటాయి. మీ ఆరు లైట్లు 5 వాట్ల చొప్పున అనుకుంటే 30 వాట్లు, అంటే రెండున్నర యాంపులు. 5 యాంపుల లేత గోధుమ రంగు ఫ్యూజు చాలు. అక్కడ 20 యాంపుల పసుపు ఫ్యూజు కనిపిస్తే, ఎవరో విసుగెత్తి వేసిందే, తీసేయండి.

ఇక బాత్రూమ్ లైటు. మోటారు వేస్తే మసకబారుతోందంటే రెండిటి నెగెటివూ ఒకే చోట ఛాసిస్‌కి బిగించి ఉంటారు, ఆ బోల్టు దగ్గర తుప్పు. కొలిచే పద్ధతి: మీటరు డీసీ 20 వోల్టుల రేంజిలో, ఒక పిన్ను బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద, రెండోది మోటారు నెగెటివ్ తీగ చివర. మోటారు తిరుగుతున్నప్పుడే చూడాలి. తీగ బాగుంటే పావు వోల్టు లోపు రావాలి. అర వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో అడ్డు ఉంది. మోటారు ఆపి కొలిస్తే ఎప్పుడూ సున్నాయే వస్తుంది, అంతా బాగుందని మోసపోతారు. ఓమ్స్‌లో పెట్టి కొలవడం కూడా దండగ, పావు ఓమ్ తేడాని ఈ మీటర్లు సరిగ్గా పట్టవు, కానీ 5 యాంపులు పారేటప్పుడు అదే ఒకటింపావు వోల్టు తినేస్తుంది.

మంచం పైనున్న రెండు లైట్లకి: లైటు విప్పి దాని తీగల దగ్గర ఎర్ర పిన్ను పాజిటివ్ మీద, నల్ల పిన్ను పొడుగు తీగతో బ్యాటరీ నెగెటివ్‌కి. 12 వస్తే పాజిటివ్ బాగుంది, నెగెటివ్ తెగింది. ఏమీ రాకపోతే పాజిటివ్ తెగింది. లైటు రెండు తీగల మధ్యే 12 వస్తుంటే లైటే పోయింది. ఎల్‌ఈడీలకి ప్లస్సు మైనస్సు తారుమారైనా వెలగవని మర్చిపోకండి.

లైటే పోయి ఉంటే మళ్లీ అదే రకం కొనకండి. ఉత్త 12 వోల్టులకి చేసిన చవక ఎల్‌ఈడీలు బూస్ట్ ఛార్జింగ్‌లో 14.4 దాకా వచ్చే వోల్టేజీకి వేడెక్కి పోతాయి. 10 నుంచి 30 వోల్టులు అని రాసి ఉన్నవి, లోపల డ్రైవరు ఉన్నవి తీసుకోండి.

బెజవాడ_ట్రైలర్

మోటారు తిరిగేటప్పుడు నెగెటివ్ మీద 1.4 వోల్టులు వచ్చింది. కిందికి దూరి చూస్తే ఛాసిస్ యాంగ్లర్ (ఇనుప పట్టీ) మీద రంగు పైనే సెల్ఫ్ స్క్రూ కొట్టి రెండు నెగెటివ్ తీగలు చుట్టి ఉన్నాయి, చుట్టూ తుప్పు. మంచం లైట్లకి పాజిటివ్ 12.5 వస్తోంది, నెగెటివ్ లేదు. సీలింగ్‌లో టేపు చుట్టిన జాయింటు ఉంది, టేపు విప్పితే రాగి అంతా పచ్చగా చిలుం పట్టి ఉంది. ట్రైలర్ ఎక్కువగా సూర్యలంక బీచ్ దగ్గర ఆపుతాం.

గుంటూరు_పన్నెండు_వోల్టులు

సముద్రపు గాలికి టేపు జాయింటు నిలవదు. వేసవికి టేపు జిగురు కరిగి జారిపోతుంది, లోపలికి ఉప్పు తేమ చేరి చిలుం పడుతుంది. పచ్చబడ్డ భాగం కత్తిరించి, కళాయి పూసిన బట్ కనెక్టరుతో క్రింప్ చేసి, పైన లోపలి జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు వేసి వేడి చేయండి. జిగురు రెండు చివరలా కొద్దిగా పైకి ఉబికితేనే మూసుకున్నట్టు. చిలుం తీగ లోపలికి కూడా పాకుతుంది, ఒలిచిన చోట రాగి ఎర్రగా కనిపించేదాకా వెనక్కి కత్తిరిస్తూ పోవాలి.

ఛాసిస్ స్క్రూ విషయంలో నా మాట వినండి: దాన్ని బాగు చేయకండి, వదిలేయండి. మోటారుకీ బాత్రూమ్ లైటుకీ విడివిడిగా నెగెటివ్ తీగలు లాగి ఫ్యూజు బాక్సు పక్కన ఒక రాగి బస్ బార్ (తీగలన్నీ కలిపి బిగించే పట్టీ) మీదికి తీసుకురండి, అక్కణ్నుంచి ఒకే లావు తీగ బ్యాటరీకి. మోటారుకి 2.5 స్క్వేర్ ఎంఎం, లైట్లకి 1.5. ఎందుకంత లావంటే లెక్క చూడండి: 6 మీటర్ల దూరం అంటే పోను రాను 12 మీటర్లు. 1 స్క్వేర్ తీగలో 5 యాంపులకి దాదాపు ఒక వోల్టు తీగలోనే పోతుంది. 2.5 వేస్తే 0.4 మాత్రమే. 230లో ఒక వోల్టు పోతే ఎవరూ గమనించరు, 12లో అది పన్నెండో వంతు.

తీగ లాగడం కుదరక ఛాసిస్‌నే వాడాల్సి వస్తే, రంగు, తుప్పు గీకి ఇనుము మెరిసేలా చేయండి. 6 ఎంఎం బోల్టు, నట్టు, పళ్లున్న వాషరు, కళాయి పూసిన రింగ్ లగ్, ఇవీ కావాల్సినవి. ఒక బోల్టుకి ఒకే లగ్. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ, దాని మీద వీలైతే రంగు. జెల్లీ బిగించిన తర్వాతే, ముందు కాదు.

బ్యాటరీ తీగలు విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. పానా పాజిటివ్ నుంచి ఛాసిస్‌కి తగిలితే 150 ఏహెచ్ బ్యాటరీ దాన్ని వెల్డింగ్ రాడ్‌లా ఎర్రగా కాల్చేస్తుంది. వాచీ, కడియం తీసేయండి.

పటమట_మెగ్గర్

పని అయ్యాక కరెంటు పెట్టేముందు రెండు పరీక్షలు. నీలం ప్లగ్గు ఊడదీసి ఉండగానే, ట్రైలర్ ఇన్‌లెట్ ఎర్త్ పిన్ను నుంచి నాలుగు ప్లగ్గుల ఎర్త్ రంధ్రాలకీ, ఛాసిస్‌కీ, తలుపు ఫ్రేముకీ, వంటగట్టు స్టీలుకీ మీటరు ఓమ్స్‌లో కొలవండి. ముందు రెండు పిన్నులూ ఒకదానికొకటి తాకించి వచ్చే అంకె తీసేస్తే ఒక ఓమ్ లోపు రావాలి. బయటి కేబుల్‌ని విడిగా, ఆ చివర నుంచి ఈ చివరకి, మెలికలు తిప్పుతూ కొలవండి. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ పడింది కదా అని ఎర్త్ ఉందనుకోవద్దు. ఆ బటన్ పెట్టె లోపలి యంత్రాన్నే పరీక్షిస్తుంది, ఎర్త్ అసలు లేకపోయినా పడుతుంది.

రెండోది మెగ్గర్ (ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు). 500 వోల్టుల రేంజిలో, ఇన్వర్టర్ తీగలు విప్పేసి, ప్లగ్గుల్లో ఏమీ లేకుండా, గోడ బల్బు తీసేసి, ఎడమ లైను ఫేజు–న్యూట్రల్ కలిపి ఎర్త్‌కి కొలవాలి. న్యూట్రల్‌ని డీబీ బార్ దగ్గర విప్పి ఉంచాలి. కనీసం ఒక మెగా ఓమ్ ఉండాలి, కొత్తగా చేసిన లైనుకి వందల్లో రావాలి. ఇది చేతిలో లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత ఈ ఒక్క పనైనా చేయించండి, పది నిమిషాల పని.

తర్వాత కరెంటు ఇచ్చి ఆఖరి ప్లగ్గులో 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె పెట్టి ఫుల్ మీద పావుగంట నడపండి. 4 యాంపుల పైన పారుతుంది. ఇస్త్రీ పెట్టె తనంతట తాను ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, ఫర్వాలేదు. నడుస్తుండగా నాలుగు ప్లగ్గుల ముఖాల మీదా అరచేయి ఆనించండి. ఏదైనా ఒకటి మిగతావాటికంటే వెచ్చగా ఉంటే మళ్లీ విప్పాల్సిందే. ఇస్త్రీ పెట్టె ఆన్‌లో, ఆఫ్‌లో పక్క ప్లగ్గు వోల్టేజీ చూసుకోండి. ఆ తేడాలో బయటి కేబుల్ వాటా కూడా ఉంటుంది కాబట్టి వంటగట్టు ప్లగ్గు దగ్గర కూడా అలాగే కొలిచి, అక్కడ వచ్చిన తేడా ఇందులోంచి తీసేయండి. మిగిలింది రెండు వోల్టులు దాటకూడదు.

ఇన్వర్టర్ అవుట్‌పుట్ ఎటు పోయిందో ఒకసారి చూసుకోండి. బయటి కరెంటు పీకి, ఇన్వర్టర్ ఆన్ చేసి ఏ ప్లగ్గులు బతికున్నాయో రాసి పెట్టుకోండి. వాటి న్యూట్రల్ ఇన్వర్టర్ నుంచి వచ్చిన న్యూట్రలే అయి ఉండాలి. ఆర్‌సీసీబీకి ముందున్న న్యూట్రల్‌కి కలిపి ఉంటే ఏదో ఒక రోజు ఆర్‌సీసీబీ కారణం లేకుండా పడడం మొదలవుతుంది, అప్పుడు మళ్లీ ఎవరో ఒకరు తీగ ముక్కతో వస్తారు.

కృష్ణలంక_కూల్

సరే, ఎర్త్ తీగ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ అడుగుతా, లివర్ కనెక్టర్లు వణుకుకి ఊడవా? స్క్రూ అయితే బిగించాం అన్న ధైర్యం ఉంటుంది.

ఆటోనగర్_వైర్‌మ్యాన్

వాటిలో ఉన్నది స్ప్రింగు. పోగులు కొంచెం నలిగినా స్ప్రింగు వెంట వచ్చి నొక్కుతూనే ఉంటుంది, స్క్రూ అలా రాదు. అసలు సంగతి నకిలీవి. గుత్తగా సంచిలో పోసి అమ్మే వాటిలో లివరు వేస్తే టక్కుమని గట్టిగా పడదు, తీగ లాగితే జారుతుంది. పైన యాంపులు, వోల్టులు, తీగ సైజు అచ్చు వేసి ఉన్నవే తీసుకోండి. లివరు మూశాక ఒక్కో తీగనీ వేలితో లాగి చూసి, బాక్సు మూత పెట్టేముందు కనెక్టర్లని ఒక జిప్ టైతో కట్టేయండి, ఊగకుండా.

బెజవాడ_ట్రైలర్ గారూ, మిగతా మూడు ప్లగ్గులు కూడా అదే చేత్తో వేసినవే కాబట్టి అవి బాగున్నట్టు కనిపించినా విప్పి చూడండి. ఏసీ 20 యాంపుల ఎంసీబీ కింది స్క్రూ, న్యూట్రల్ బార్ స్క్రూలు, ఇన్‌లెట్ వెనక మూడు స్క్రూలు, వీటికి కూడా స్క్రూడ్రైవర్ పెట్టి చూడాలి. ఎక్కువ కరెంటు పోయేది అక్కడే.